మంచినీళ్ళ ట్యాంకు మీద నిఘా

ఖతర్‌లో అద్దె లేకుండా గది దొరికిందని ఎవరైనా అంటే, పారిపోవడానికి దానికి వెనక తలుపు ఉందా అని నేను ముందు అడుగుతాను. నాకు దొరికినదానికి తలుపులు రెండున్నాయి, ముందొకటి, వెనకొకటి. రెండూ నీళ్ళలోకే తెరుచుకుంటాయి.

అదొక పడవ. మా అర్బాబు, అంటే మా యజమాని, ఒకసారి సెలవులకి యూరప్ వెళ్ళి, అక్కడి కాలువల్లో జనం పొడుగాటి పడవల్లో కాపురాలు చేయడం చూశాడట. పైకప్పు మీద పూలకుండీలు, కిటికీలకి కర్టెన్లు, పక్కన బాతులు. ఆయనకి మనసైంది. మనకి మనసైతే ఫొటో తీసుకుంటాం. ఆయన పడవనే కొని ఓడకెక్కించి తెప్పించాడు. ఒకటిన్నర బస్సుల పొడవు, ఆటో పట్టేంత వెడల్పు, అడుగంతా చదునుగా ఉండే ఇనుప పడవ. సముద్రంలోకి తీసుకెళితే పెద్ద అలకే పల్టీ కొడుతుంది. అందుకని దోహాలో రంగురంగుల మేడల మధ్య తవ్విన కాలువలో కట్టేశారు. చలికాలంలో నెలకి రెండుసార్లు అర్బాబు పిల్లల్ని తీసుకుని వస్తాడు. పడవ రెండు వంతెనల కింద నుంచి వెళ్ళి తిరిగి వస్తుంది. గంటసేపు టీ తాగి వాళ్ళు వెళ్ళిపోతారు. మిగతా రోజులన్నీ దానికి కాపలా కావాలి, ఏసీ కావాలి. ఇక్కడి ఎండలో రెండు రోజులు ఏసీ ఆగితే లోపలి చెక్కంతా అప్పడంలా లేస్తుంది.

నేను ఏసీ మెకానిక్‌ని. ఎనిమిదో తరగతి సగంలో ఒక లెక్క అర్థం కాక మూత్రానికని బయటికి వచ్చినవాణ్ణి, ఇంతవరకూ తిరిగి క్లాసులోకి వెళ్ళలేదు. ఫ్రిజ్ రిపేరు షాపులో పని నేర్చుకుని, ఆ పని పట్టుకుని ఇక్కడికి వచ్చాను. బర్వా అల్ బరాహా అనే లేబర్ క్యాంపులో గదికి నలుగురం ఉండేవాళ్ళం. ఒకరోజు మా ముదీర్ పిలిచాడు. ముదీర్ అంటే మేనేజరు. ఈయన ఈజిప్టు మనిషి, మాతో సగం అరబ్బీ సగం హిందీ కలిపి మాట్లాడతాడు.

"నువ్వు రేపటి నుంచి పడవలో ఉండు. సొంత గది. అద్దె మాఫీ."

"ఎందుకు సార్?"

"ఎందుకేంటి? మంచి గది ఇస్తుంటే ఎందుకంటావా?"

అలా అడిగితేనే నాకు అనుమానం ఎక్కువవుతుంది. అయినా వెళ్ళాను. నలుగురి గురక మధ్య మూడేళ్ళు పడుకున్నవాడు మునిగిపోయే గది ఇచ్చినా వెళతాడు.

మా ఇంట్లో మేం దక్కనీ మాట్లాడుకుంటాం. నా భార్య అనుమానం వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి దిగుతుంది. పడవ సంగతి ఫోన్లో చెప్పగానే దిగింది.

"దుబాయ్‌ల పడవల ఇల్లా? పడవల ఎవలుంటరు? మీతోని ఇంకెవలున్నరు అండ్ల?"

దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పడం నేను రెండో ఏడాదే మానేశాను. "ఒక ముసలాయన ఉన్నడు," అన్నాను.

"ఫొటో పెట్టుండ్రి."

పెట్టాను. చాలాసేపు చూసినట్టుంది. "మీసాలు నిజమైనయే," అని తృప్తిపడి ఫోన్ పెట్టేసింది.

ఆ మీసాల మనిషి కాకినాడ పక్కన సముద్రపు ఒడ్డు ఊరివాడు. ముప్పై ఏళ్ళు చేపల బోట్ల మీద సరంగుగా చేశాడు. బోటు నడిపేవాణ్ణి వాళ్ళు సరంగు అంటారు. మోకాళ్ళు మొరాయించాక వలల పని మానేసి ఈ పడవకి వచ్చాడు. అర్బాబు పిల్లలు ఆయన్ని 'కెప్టెన్' అని పిలుస్తారు. వాళ్ళు వచ్చే రోజున పొద్దున్నే తెల్ల టోపీ ఉతికి, ఇస్త్రీ పెట్టె లేక వేడి గిన్నెతో రుద్దుకునేవాడు. నేను ఆయన్ని కాకా అన్నాను. ఆయన నన్ను ఏవయ్యా అన్నాడు. ముందు గది ఆయనది, వెనక ఇంజను పక్క గది నాది, మధ్యలో వంటగది, మరుగుదొడ్డి. మేమిద్దరం తెలుగువాళ్ళమే కానీ మొదటి వారమంతా సగం సైగలతోనే గడిచింది. ఆయన చూస్తున్నావా అనడానికి 'సూత్తన్నావా' అంటే నేను ఏదో వస్తోందనుకుని వెనక్కి తిరిగేవాణ్ణి.

ఇప్పుడు అద్దె మాఫీ అన్న మాట సంగతి చెబుతాను. పడవలో ఉండడమంటే ఏదీ ఉచితం కాదు, అన్నీ కొలతే. గట్టు మీద నడుమెత్తు డబ్బా ఒకటి ఉంటుంది. దానిలో కార్డు పెడితే కరెంటు, నీళ్ళు వస్తాయి. కార్డులో ముదీర్ నెలకోసారి డబ్బులు వేస్తాడు. గ్యాసు పెట్టనివ్వరు. కరెంటు పొయ్యి, ఏసీ కలిపి వేస్తే గట్టు మీది స్విచ్చి ఠప్పున పడిపోతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడే ఏసీ ఆపి, తెల్లారి అయిదింటికే రెండు పూటలకీ వండుకోవాలి. బట్టలు పైకప్పు మీద ఆరేస్తే మేడల్లోవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. అర్బాబుకి కావాల్సింది పూలకుండీలే, మా లుంగీలు కాదు. లోపల ఆరేస్తే మూడు రోజులకి బూజు. మరుగుదొడ్డి ట్యాంకు నిండితే దాన్ని లాగడానికి బండి పిలవాలి. ఆ బండివాడు పెళ్ళి ముహూర్తంలా టైము ఇస్తాడు. ఆ టైముకి ఒక్క పూట ముందు ట్యాంకు నిండుతుంది.

పడవ పుట్టింది మంచినీటి కాలువల కోసం. ఇక్కడి కాలువ సముద్రపు నీరు. ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. అందుకని పడవ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పు ముందు వాటిని తిని, తరవాతే ఇనుము మీద పడుతుంది. ఏడాదికోసారి మనిషి నీళ్ళలో మునిగి వాటిని మార్చాలి. ఆ సంగతి విన్న రోజున, అర్బాబు నన్నూ కాకానీ ఎందుకు పెట్టాడో కొంత అర్థమైంది. ఏసీ కాలువ నీళ్ళనే పీల్చుకుని చల్లబడుతుంది. పొద్దున లేవగానే దాని జల్లెడ విప్పి నాచు, ప్లాస్టిక్ కవర్లు, అప్పుడప్పుడూ ఒక జెల్లీ చేప తీసి పారేయడం నా డ్యూటీ.

ఇవన్నీ భరించాను. ఒక్కటి మాత్రం భరించలేకపోయాను. మరుగుదొడ్డిలో కాగితం చుట్ట తప్ప నీళ్ళ ఏర్పాటు లేదు. అంత ఖరీదు పెట్టి చేసిన పడవ, గోడకి ఇత్తడి కొక్కేలు, అద్దం చుట్టూ దీపాలు. కడుక్కోవడానికి చిన్న కుళాయి కూడా లేదు. రెండు రోజులు మగ్గు మోశాను. మూడో రోజు ఏసీ సామాన్ల కోసం అబూ హమూర్ పోయి, దాంతోపాటు చేతి షవరు ఒకటి, ఒక ప్లాస్టిక్ మూడు దారుల జాయింటు కొనుక్కొచ్చాను. గోడ చెక్క విప్పి, లోపలి నీళ్ళ పైపు కోసి, జాయింటు దూర్చి, ఏసీ పైపులకి వేసే క్లిప్పులతో బిగించి, చెక్క మళ్ళీ మూసేశాను. గంటలో పని అయిపోయింది.

కాకా లోపలికి వెళ్ళి వచ్చి, మొదటిసారి నాకేసి నవ్వాడు. "ఇప్పుడైందయ్యా ఇది మనుషులుండే సోటు," అన్నాడు.

మా ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

రెండో నెలలో కార్డు పద్దెనిమిది రోజులకే ఖాళీ అయింది. అంతకు ముందు కాకా ఒక్కడే ఉన్నప్పుడు నెలంతా వచ్చి ఇంకా మిగిలేదట. ముదీర్ ఫోన్ చేశాడు.

"ఇద్దరు మనుషులు. పడవలో ఏం చేస్తున్నారు, వరి వేశారా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మూడో నెలలో పదిహేను రోజులకే అయిపోయింది. ఈసారి నన్నొక్కణ్ణే ఆఫీసుకి పిలిచాడు.

"అర్బాబు అడుగుతున్నాడు. నీళ్ళు ఎవరు వాడుతున్నారో నువ్వు చూసి చెప్పు. ముసలోడి అకామా నెలాఖరుకి అయిపోతుంది. నీళ్ళు పోసేది అతనైతే నేను రెన్యూ చేయను. ఇంటికి పంపేస్తాను, ఖలాస్."

అకామా అంటే ఈ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి. ఆ రోజు నుంచి నాకు రెండో డ్యూటీ మొదలైంది.

గట్టు మీది నీళ్ళు పట్టుకునే మంచినీళ్ళ ట్యాంకు ముందు అరుగు కింద ఉంటుంది. మూత తీసి కర్ర దించితే తడి ఎంతవరకు ఉందో తెలుస్తుంది. ఒక శుక్రవారం కర్ర మీద పెన్సిలుతో గీత గీసి, రోజంతా అల్ ఘర్రాఫాలో మా ఊరి మనిషి గదిలో గడిపి, స్నానం కూడా అక్కడే చేసి వచ్చాను. సాయంత్రం కర్ర దించితే గీతకి నాలుగు వేళ్ళ కింద తడి. నాలుగు వేళ్ళంటే ఒక మనిషి మూడుసార్లు స్నానం చేయాలి. కాకా ఒంటిమీద చూస్తే నిన్నటి ఉప్పే ఇంకా ఉంది.

ఇంకొకటి గమనించాను. కుళాయి తిప్పితే ట్యాంకు పక్కనున్న చిన్న మోటారు గుర్రుమంటుంది, కుళాయి కడితే ఆగుతుంది. నేను మంచం మీద పడుకుని ఉండగా అది గుర్రుమనేది. అయిదు నిమిషాలాగి మళ్ళీ గుర్రుమనేది. కాకా ఏం కడుగుతున్నాడా అని నేను చెవి ఆనించి వినేవాణ్ణి. తలుపు తీసి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని నాకేసే చూస్తుండేవాడు.

"ఏటి సూత్తన్నావ్?"

"ఏం లేదు కాకా. మోటారు మొత్తుకుంటున్నది గద, నువ్వేమన్న కడుగుతున్నవేమో అని."

"నేనేం కడుగుతానయ్యా. నువ్వే కడుగుతావు, రోజుకైదు సార్లు. కాళ్ళు, సేతులు, మొహం, మళ్ళీ కాళ్ళు. మా ఊళ్ళో పెళ్ళికొడుకుని కూడా ఇన్నిసార్లు కడగరు."

"నమాజు ముందు వజూకి ఒక చెంబెడు నీళ్ళు చాలు కాకా. ఆ చెంబు నువ్వు చూసినవ్ గద."

"సూసేను. అందుకే లెక్కెట్టేను. నిన్న ఆరు."

ఆయన నన్ను లెక్కపెడుతున్నాడని అప్పుడే తెలిసింది. నేరం చేసినవాడే ఎదుటివాడి మీద కన్నేసి ఉంచుతాడని అప్పట్లో నా గట్టి నమ్మకం. నేనూ ఆయన మీద కన్నేసి ఉంచానన్నది నాకు తట్టలేదు.

తరవాత డబ్బాల సంగతి బయటపడింది. ఒక తెల్లవారుజామున నమాజుకి లేచి కిటికీలోంచి చూస్తే, కాకా రెండు నీలం ప్లాస్టిక్ డబ్బాలు తోపుడు బండి మీద పెట్టుకుని గట్టు వెంట నెమ్మదిగా వెళుతున్నాడు. ఇరవై లీటర్ల డబ్బాలు, మూతి దాకా నిండి ఉన్నాయి. పావుగంటలో ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఏడికి పోయినవ్ కాకా, ఇంత పొద్దుగాల?"

"ఎక్కడికీ లేదు. నడవమన్నాడు డాక్టరు."

"డబ్బాలతోని నడవమన్నడా?"

"మోకాళ్ళకి బరువు మంచిదంట," అని లోపలికి పోయాడు.

నలభై లీటర్లు మోస్తే బాగుపడే మోకాళ్ళు నేనెక్కడా వినలేదు. మర్నాడూ వెళ్ళాడు. మూడో రోజు నేను నాలుగడుగులు వెనకే వెళ్ళాను. మేడల వెనక కార్లు నిలిపే చోటు వైపు తిరిగాడు. అక్కడ పొద్దున్నే బంగ్లాదేశీ కుర్రాళ్ళు బకెట్లతో కార్లు కడుగుతుంటారు. వాళ్ళకి నీళ్ళు కావాలి. కాకా దగ్గర నీళ్ళున్నాయి. ఎనిమిదో తరగతి సగంలో వదిలేసినవాడికైనా తేలే లెక్క ఇది. నేను మలుపు దాటి చూడాల్సిన పని కూడా లేదనిపించింది, వెనక్కి వచ్చేశాను. ఆ రోజే ముదీర్‌కి ఫోన్ చేశాను.

"సార్, నీళ్ళు అమ్ముకుంటున్నాడు."

"నువ్వు చూశావా?"

"చూశాను," అన్నాను. డబ్బాలు చూశాను కదా.

"బాగుంది. గురువారం అతన్ని ఇంటికి పంపే కాగితం తీసుకుని వస్తాను. అప్పటిదాకా ఏమీ అనకు."

ఫోన్ పెట్టేశాక ఒక పెద్ద కేసు ఛేదించిన పోలీసులా ఛాయ్ కలుపుకున్నాను. కాకాకి కూడా ఒక గ్లాసు ఇచ్చాను. ఆయన వాసన చూసి, పక్కన పెట్టి, నేను నాది తాగాకే తాగాడు.

బుధవారం మధ్యాహ్నం ఆయన చేపలకని బయటికి వెళ్ళాడు. వెనక అరుగు మీద, ఇంజను మూత పక్కన, నిండిన నీలం డబ్బా ఒకటి గుడ్డ కప్పి ఉంది. మర్నాటి సరుకు. సాక్ష్యం అంటే ఇలా దొరకాలి. మూత తీసి చేతి మీద పోసుకుని సబ్బు రుద్దాను. కాలువ నీళ్ళలో సబ్బు నురగ రాదు, జిడ్డుగా చేతికి అంటుకుంటుంది. ఇది తెల్లగా నురగ వచ్చింది. నాలిక మీద చుక్క వేసుకున్నాను. కొంచెం గ్రీజు వాసన ఉంది కానీ ఉప్పు లేదు. మంచినీళ్ళే.

గ్లాసులో పోసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. కాకా సంచితో వచ్చాడు.

"కాకా, గీ నీళ్ళు యాడియి?"

గ్లాసు చూడగానే ఆయన మొహం మారింది. సంచి కింద పెట్టాడు. "డబ్బా ఎందుకు తీసేవయ్యా?"

"నేను అడిగిందానికి చెప్పు ముందు."

 మోకాళ్ళు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వెలాగూ సెప్పేత్తావు, నాకు తెలుసు. బోటు నీరు తాగుతుందయ్యా. రెండు నెలల్నించి. వెనక ఇంజను కింద నీరు సేరతంది. నీళ్ళలో తిరిగే పంకా ఇరుసు బయటికెళ్ళే కాడ సముద్రం లోపలికొత్తంది. గ్రీజెట్టేను, బిగించేను, ఆగట్లేదు. రోజూ తోడి రెండు డబ్బాలు పట్టుకెళ్ళి, అక్కడ కారుల ఎనకాల బాత్రూముల తూములో పోసొత్తన్నాను. కాలవలో పొయ్యకూడదు కదా, నూనె తేలితే ఫైనేత్తారు."

"మరి ముదీర్‌కి ఎందుకు చెప్పలె?"

"సెప్తే ఏటవుద్ది? బోటు తీసి గట్టున పెడతారు. గట్టు మీద బోటుకి సరంగెందుకయ్యా? ఇంటికాడ మా వోళ్ళు బోటమ్మేసేరు. అక్కడ నేను మోకాళ్ళ నొప్పుల ముసలోణ్ణి. ఇక్కడ ఆ పిల్లలు కెప్టెన్ అంటారు. రెండు వంతెనల మజ్జే కానీ, నడిపేది నేనే కదా."

ఆ మాట నేను సగమే విన్నాను. ఇంకా పోలీసు ఉద్యోగంలోనే ఉన్నాను. గ్లాసు ఆయన ముందుకు తోశాను. "సముద్రం నీళ్ళయితే తాగు చూద్దాం."

ఆయన నన్ను వింతగా చూసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. మళ్ళీ ముంచాడు. ఈసారి గ్లాసు ఎత్తి ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేశాడు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి, రెండు నెలలుగా తోడుతున్న నీళ్ళని ఒక్కసారీ రుచి చూడలేదు. బోటు అడుగున చేరేది ఉప్పునీరే అన్నది ఆయనకి చూడక్కర్లేని సంగతి.

"సప్పనీళ్ళు," అన్నాడు.

"గదే నేను చెప్తున్న."

"కాదయ్యా. నువ్వు సెప్పేది కాదు. సముద్రం రావట్లేదు. లోపల్నించే వత్తంది."

అప్పుడు మోటారు గుర్రుమంది. నేను ఆయనెదురుగా ఉన్నాను, ఆయన నా ఎదురుగా ఉన్నాడు. పడవలో మూడో మనిషి లేడు. కుళాయిలన్నీ కట్టే ఉన్నాయి. ఇద్దరం ఒకరి చేతులు ఒకరు చూసుకున్నాం.

రెండు నెలలుగా ట్యాంకు తగ్గుతోందని నాకు తెలుసు, ఆయనకి చెప్పలేదు. రెండు నెలలుగా అడుగున నీరు చేరుతోందని ఆయనకి తెలుసు, నాకు చెప్పలేదు. అవి ఒకటే నీళ్ళని తెలియడానికి ఒక్క పూట మాట్లాడుకుంటే సరిపోయేది.

చప్పుడు సరిగా వినపడాలని ఏసీ ఆపేశాను. మోటారు మళ్ళీ గుర్రుమన్నప్పుడు కాకా నేల మీద చెవి పెట్టి పాక్కుంటూ వెళ్ళాడు. వంటగది దాటాడు. మరుగుదొడ్డి గుమ్మం దగ్గర ఆగి వేలితో గోడ చెక్క చూపించాడు. నేను విప్పక ముందే నాకు తెలిసిపోయింది. ఆ చెక్క మూసినవాణ్ణి నేనే కదా.

లోపల నా మూడు దారుల జాయింటు ఉంది. ఏసీ నీళ్ళు చుక్కలుగా కారే పైపుకి వేసే క్లిప్పును, మోటారు తోసే నీళ్ళ పైపుకి వేశాను. మోటారు తోసినప్పుడల్లా కాస్త కాస్త జరిగి, దారంలాంటి ధార ఒకటి గోడ వెంట కిందికి దిగుతోంది. పడవ ఎప్పుడూ కొంచెం వెనక్కి వంగి ఉంటుంది. ఆ నీరంతా నేల కింద నుంచి వెనక ఇంజను దగ్గరికి చేరి, కాకా డబ్బాల్లోకి ఎక్కుతోంది.

నేను నేల మీదే కూర్చుండిపోయాను. కాకా ఆ ధారని వేలితో ఆపి, తీసి, మళ్ళీ ఆపి, నవ్వాడు. నా మీద కాదు, హాయిగా నవ్వాడు.

"అయితే ఇరుసు బాగానే ఉందన్నమాట. బోటు సక్కగానే ఉందయ్యా. నేనే దాన్ని అనుమానించేను పాపం."

పడవని అనుమానించినందుకు ఆయన బాధపడుతున్నాడు. నేను ఎవర్ని అనుమానించానో ఆయనకి తెలియదు.

"సరే, నువ్వు గట్టి క్లిప్పేసి బిగించేయి," అన్నాడు లేస్తూ. "ముదీర్‌కి ఏటీ సెప్పకు. నేనూ సెప్పను. కుర్రోడివి, పైపు కోసేవని తెలిత్తే నీకు మాటొత్తది."

 ఆ సాయంత్రం ఇత్తడి జాయింటు, మర ఉన్న క్లిప్పులు తెచ్చి బిగించాను. మోటారు తనంతట తాను గుర్రుమనడం ఆగిపోయింది. పని చేస్తున్నంతసేపూ తల లోపల ఒక లెక్క నడిచింది. బిగించేశాను కాబట్టి ఇక నీళ్ళు తగ్గవు. ముదీర్ రేపు కాగితం ఇస్తే ముసలాయన వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళాక నీళ్ళు తగ్గకపోతే, దొంగ ఆయనే అన్నది రుజువవుతుంది. ఇంత శుభ్రంగా తేలే లెక్క బడిలో కూడా నాకెప్పుడూ రాలేదు. అది నన్ను ఎంత దూరం తీసుకెళ్ళిందో చెప్పడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లేంత దూరం తీసుకెళ్ళింది.

గురువారం పదింటికి ముదీర్ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దానిలో కాగితం. కాకా టోపీ పెట్టుకుని ఎదురెళ్ళాడు. అర్బాబు వస్తున్నాడనుకున్నాడు.

ముదీర్ కూర్చుని నావైపు తిరిగాడు. "చెప్పు. ఇతనేనా?"

"కాదు సార్. నేనే."

ముదీర్ కనుబొమ్మలు పైకి వెళ్ళాయి. కుళాయి, పైపు, క్లిప్పు, అన్నీ చెప్పాను. లోపలికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన చేతి షవరు తీసి ఒకసారి నొక్కి చూసి, కొక్కేనికి తగిలించాడు.

"మరి అమ్ముకుంటున్నాడని నాకెందుకు చెప్పావు? చూశానన్నావు."

కాకాకి ఆ హిందీ అర్థమవుతుంది. ఆయన ముదీర్‌ని చూడలేదు, నన్ను చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"డబ్బాలు చూశాను సార్. మిగతాది అనుకున్నాను."

"అనుకున్నావు," అని ముదీర్ కాగితం మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు. "రెండు నెలలు నీ కుళాయి నీళ్ళు తాగితే ముసలోణ్ణి పంపించేవాణ్ణి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కాపలా కాశారు, పడవకి కాపలా ఎవరు కాశారు? కెప్టెన్ ఉంటాడు. పిల్లలు అతనేడని అడుగుతారు. ఏసీవాడేడని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నువ్వు శనివారం క్యాంపుకి వెళ్ళు. పొద్దున బస్సులో వచ్చి ఏసీ చూసి వెళ్ళు. యల్లా."

దిగేముందు మరుగుదొడ్డి ఒకసారి వాడుకుని వెళ్ళాడు. బయటికి వచ్చి, ఆ షవరు మాత్రం తీయొద్దన్నాడు.

శుక్రవారం కాకా ఒక్కడికే వండుకున్నాడు. శనివారం పొద్దున నేను సూట్‌కేసు మూస్తుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్ముకున్నాననుకున్నావా?"

"అనుకున్న కాకా."

"ఎంతకి?"

"ఎంతకి అంటే?"

"డబ్బా ఎంతకి అమ్ముతున్నాననుకున్నావని అడుగుతున్నాను."

నిజంగానే నేను ఎప్పుడూ అనుకోలేదు. "రేటు సంగతి ఆలోచించలె," అన్నాను.

"దొంగన్నావు, బేరం కూడా కట్టలేదు," అని పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చాడు.

మళ్ళీ నలుగురి గురక మధ్యకి వచ్చాను. రోజూ పొద్దున బస్సులో పోయి, జల్లెడ కడిగి, ఏసీ చూసి వచ్చేవాణ్ణి. ఆయన ముందు గదిలోంచి బయటికి రాడు, నేను లోపలికి వెళ్ళను. నెలాఖరుకి ఆయన అకామా రెన్యూ అయిందని ముదీర్ డ్రైవరు చెప్పాడు. ఆ వారమే గురువారం నా ఫోన్ మోగింది, కాకా.

"రేపు జుమ్మా నమాజయ్యేక రా. షేరీ సేప పులుసెడుతున్నాను."

ఫోన్ పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఎందుకు పిలుస్తున్నాడు? పులుసులో ఏం వేస్తాడు? గదిలో ముగ్గురినీ అడిగితే ముగ్గురూ మేమూ వస్తామన్నారు. చివరికి ఒక్కణ్ణే వెళ్ళాను.

చింతపండు వాసన గట్టు దాకా వస్తోంది. కాకా కంచం పెట్టలేదు. ముందు అరుగు మీదికి రమ్మని, ట్యాంకు మూత తీసి, కర్ర నా చేతికిచ్చాడు. దాని మీద నా పెన్సిలు గీత పక్కన, ఆయన కత్తితో చెక్కిన గీత ఒకటి ఉంది.

"పొద్దున్న వంటకి నీళ్ళు తీసేక సూసేను. ఇప్పుడు నువ్వు సూడు."

దించి తీశాను. తడి సరిగ్గా కత్తి గీత మీద ఉంది.

"తగ్గలె కాకా."

"ఊఁ," అని లోపలికి నడిచాడు. చేతులు కడుక్కోమన్నాడు. కుళాయి తిప్పితే మోటారు గుర్రుమంది, కడితే ఆగింది. కంచాల ముందు కూర్చున్నాక కూడా ఇద్దరం ముద్ద ఎత్తకుండా కాసేపు విన్నాం. ఏమీ వినిపించలేదు. అప్పుడు ఆయన నా కంచంలో తలకాయ ముక్క వేశాడు.

"తిను. నువ్వెళ్ళేక ఇంకోసారి కొలుత్తాను," అన్నాడు.